చెవులు కలవని గుర్రప్పిల్ల

పందొమ్మిది వందల ముప్ఫైలలో దెందులూరులో మా బావగారికి ఒక గుర్రాల వంశం ఉండేది. వాళ్ల తాతగారు గుజరాతు వైపు కాఠియావాడు నుంచి తెప్పించిన జాతి. వాటి చెవుల కొనలు కొడవళ్లలా లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేవి. ఆ చెవులు చూడటానికి మద్రాసు మెయిలు కూడా ఆగేదని బావగారు చెప్పేవారు. నేనున్నప్పుడల్లా మెయిలు ఆగకుండానే పోయింది.

జాతి చెడుతుందని బయటి గుర్రాన్ని దొడ్డి గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. అన్నకు చెల్లెల్ని, తండ్రికి కూతుర్ని కట్టేవారు. చెవులు నిలిచాయి గాని గుర్రాలు నిలవలేదు. పుట్టిన పిల్లలు విసనకర్ర గాలికి కూడా తూలి చచ్చేవి. చివరికి ఒక ముసలి మగగుర్రం, దాని కూతురు మిగిలాయి. ఆ కూతురు బతికే పిల్లను కనకపోతే వంశం అక్కడితో సరి.

ఆ ఏడు పుట్టిన పిల్ల మాత్రం అప్పుడే లేచి నిలబడి, పశువుల డాక్టరు తలపాగా సగం నమిలింది. ఇంటిల్లిపాదికీ సంబరం, బావగారికి అనుమానం.

"ఏమోయ్, చెవులు చూశావా?" అన్నారు నాతో.

చెవుల మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. బావగారి కంటికి అందులోంచి ఎడ్లబండి పోతుంది. రోజూ చీపురుపుల్లతో కొలిచేవారు. ఏలూరు జట్కా స్టాండులో ప్రతి గుర్రం మొహంలోకీ తొంగి చూసి వచ్చారు. కిందటి ఎండాకాలంలో నీళ్లు తీసిన కొల్లేటి గడ్డికి ఆడగుర్రాన్ని తోలుకెళ్లిన పాలేరును నిలదీస్తే, అతను మా అక్కయ్య వైపు చూశాడు. అక్కయ్య పప్పు రుబ్బుతోంది. పప్పు ఎప్పుడో వెన్నయినా ఆపదే! నాకూ అనుమానం తగిలింది.

"ఏవండీ, అతన్నెందుకు అడుగుతారు? తాడేపల్లిగూడెం జట్కా గుర్రం దగ్గరికి నేనే పంపించాను."

బావగారు నులకమంచం మీద కూలబడ్డారు. "వంశాన్ని గంగలో కలిపావు గదే. రేపే ఆ పిల్లను తోలేస్తాను."

"అమ్మాయికి మన గోత్రం సంబంధమే వస్తే, వచ్చినవాళ్లకి మజ్జిగైనా ఇవ్వకుండా పంపించేశారే. గుర్రానికి మాత్రం కన్నతండ్రినే కట్టబెడతారా అండీ?"

బావగారు నా వైపు చూశారు. నేను దూలం వైపు చూశాను.

మర్నాడు పిల్లను తోలలేదు. మూడేళ్లకి, పిల్ల ఈడుకొచ్చాక, నన్ను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్లి, ఆ జట్కావాణ్ణి పట్టుకున్నారు.

"నీ గుర్రానికి చుట్టం కాని గుర్రం ఎక్కడుందయ్యా?"

"ఎందుకండీ? కేసు పెడతారా?" అన్నాడు అతను, పగ్గం దగ్గరికి లాక్కుంటూ.

"నీ గుర్రం కూతురి సంబంధానికి. మళ్లీ ఆ ఇల్లే వద్దు."

అతను పెంటపాడు దారి చూపించాడు. బావగారు బయల్దేరారు. చీపురుపుల్ల మాత్రం జేబులోనే ఉంది.