బస్సులో నా గరిమనాభి

ఒక పెరుగు ముంతను, నా చదువును ఒకే దెబ్బకు బోర్లా పడేసిన ఘనుణ్ణి నేను. తప్పు నాదని మాత్రం ఈ రోజుకీ ఒప్పుకోను.

డెబ్బయ్యో దశకం చివర్లో ఇంటర్ పాసయ్యాను. భౌతికశాస్త్రంలో మంచి మార్కులు రావడంతో నా కాళ్లు నేల మీద ఆగడం లేదు. డిగ్రీలో చేరతానంటే, కాశిబుగ్గలో జంపఖానాలు నేసే మా బాపు ఒక షరతు పెట్టాడు.

"నెల దినాలు నేసిన తెల్ల జంపఖానా ఇది. మరక పడకుండ పరకాల చర్చిల అప్పజెప్పి రా. చాతనైతె కాలేజీకి పో, లేకుంటె మగ్గం గుంటల కూసో."

బస్టాండులో ఆగి ఉన్న పరకాల బస్సు నిండిపోయింది. జంపఖానా చుట్టను భుజాన పెట్టుకుని నడుమ నిలబడ్డాను. నా ముందు సీట్లో ఒక అవ్వ, ఆమె ఒళ్లో పెరుగు ముంత.

"బిడ్డా, జర రాడు పట్టుకో," అంది అవ్వ.

"ఫికర్ జెయ్యకు అవ్వా. బస్సు ముందుకు ఉరికితె ఒళ్లు ఎన్కకు పడ్తది. అందుకే నేను ముందుగాల్నే ముందుకు వంగుత. గరిమనాభి, అంటె మన బరువు నిలిచే జాగ, సక్కగ ఉంటది. రాడెందుకు?"

"ఎవలు జెప్పిన్రు?"

"పుస్తకంల ఉన్నది."

"ఆ పుస్తకం ఎన్నడన్న పరకాల బస్సెక్కిందా?"

నాకు ఒళ్లు మండింది. రాడు మీదున్న ఒక్క వేలు కూడా తీసేశాను. కండక్టరు కింద, బస్సు వెనకాల నిలబడి, రేకు మీద చరుస్తూ "రానీ, రానీ" అంటున్నాడు. అప్పుడైనా నా బుర్ర వెలగాలి కదండీ! వెలగలేదు. కొండను నెట్టేవాడిలా ముందుకు వంగాను.

బస్సు వెనక్కి దూకింది. మన బస్టాండులో ప్రతి బస్సూ మూతి ప్లాట్‌ఫారానికి ఆనించి ఆగుతుంది, వెనక్కి వచ్చాకే ముందుకు పోతుంది. పుట్టిపెరిగిన ఊళ్లో అది నాకొక్కడికే గుర్తు రాలేదు. వెనక్కి పోయే బస్సులో ఒళ్లు ముందుకు పడుతుంది. నేను అప్పటికే సగం పడి ఉన్నాను, మిగతా సగం బస్సు పడేసింది. ముంత మీద జంపఖానా, జంపఖానా మీద నేను.

"నీ నాభి పాడుగాను! నా పెరుగు!"

"సూత్రం తప్పు కాదవ్వా, గేరు తప్పు!" అని పెరుగులోంచే అరిచాను.

ఇంటికొచ్చి బాపుకు పలక మీద బాణాలు గీసి మరీ వివరించాను. ఆయన తడిసిన జంపఖానాను తడిమి చూశాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, కానీ బాణాలు గీయడం ఆపలేదు.

"అంత మంచిగనే ఉన్నది గని," అన్నాడు బాపు, "గుంటల కూసో బిడ్డా. మగ్గం ముందుకు పోదు, ఎన్కకు రాదు."

ఆ ఏడాదంతా కూర్చున్నాను. చర్చికి ఇంకో జంపఖానా నేసిచ్చాకే కాలేజీ గడప తొక్కాను. అయినా తల వంచను. పడింది నేనే, నా సూత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. కనుక ఆ అవ్వ పెరుగు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: రాడు పట్టుకోకుండా ఈ జన్మలో బస్సులో నిలబడను, డ్రైవరు ఏ గేరు వేశాడో కళ్లారా చూస్తే తప్ప.