కొరకంచుల మాసయ్య

పెద్దమందడిలో మాసయ్య ఎవరింటికి వచ్చినా ముందు మనిషిని చూడడు, పొయ్యిని చూస్తాడు. మంట కుండ దాటి లేచిందంటే ఆ కొంప కాలిపోతున్నట్టే ఆయన లెక్క. పలకరింపు కూడా లేకుండా వంగి ఒక కట్టె లాగేస్తాడు. బూడిదలో పొర్లించి ఆర్పుతాడు. రాలిన బొగ్గులు కండువా కొసన మూటగట్టుకుని అప్పుడు అడుగుతాడు, "ఏం, అందరు బాగున్నరా?" అని.

యుద్ధం వచ్చి కిరసనాయిలు కరువైన రోజులవి. ఊరంతా పొదుపు చేస్తోంది గానీ, మాసయ్య పొదుపుకు ఊరే దండం పెట్టింది. నానబెట్టని కందిపప్పు ఆయనింట్లో పొయ్యెక్కదు. కుండ మీద మూతకు బదులు నీళ్ల చెంబు పెట్టిస్తాడు, అన్నం ఉడికేసరికి చెంబులో నీళ్లూ వేడెక్కాలి. కొడుకు రామన్న పెళ్లికి కొన్న అగ్గిపెట్టెలో నాలుగేళ్లయినా ఇంకా పుల్లలున్నాయి.

ఒకనాడు పక్కింటి పెంటమ్మకూ తనకూ ఉమ్మడిగా ఉన్న గోడకు గడ్డపారతో బొక్క కొట్టి, అందులో దీపం పెట్టాడు.

"ఏందయ్యా ఇది? నా గోడను గిట్ల జేస్తివి" అంది పెంటమ్మ.

"ఒక్క దీపం, రెండిండ్లకు ఎలుగు. ఇయ్యాల నూనె నాది, రేపు నీది."

"మా ఇంట్ల మాటలన్ని నీకు ఇనబడవా?"

"నలభై ఏండ్ల సంది గోడ ఉన్నా ఇనబడుతనే ఉన్నయి గదమ్మా."

ఊరు పడీ పడీ నవ్వింది. నవ్వనిది కోడలు దేవమ్మ ఒక్కతే.

రెండేళ్ల కింద శ్రావణంలో ఆమెకు తొలికాన్పయింది. అప్పుడు పట్టిన ముసురు ఎనిమిది రోజులు విడవలేదు. కట్టెలు నాని, పిడకలు పెంటకుప్పలా కరిగిపోయాయి. బాలింత మంచం కింద కుంపటి పెడితే పొగ తప్ప సెగ రాలేదు. మూసిన తలుపు అవతల మగవాళ్లు ఏం చేశారో దేవమ్మకు తెలియదు. మూడో రోజున పసివాడు ఆమె ఒళ్లోనే చల్లబడిపోయాడు. మామకు ఈ కట్టెల పిచ్చి పట్టింది ఆ తర్వాతే. మనవడి మాట మాత్రం ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు. అదే ఆమె కడుపులో ముల్లులా ఉండిపోయింది.

"మీ మామ మా బొగ్గులన్ని కొత్తకోట సంతల అమ్ముతుండంట" అని పెంటమ్మ చెప్పినప్పుడు, అమ్మినా అమ్ముతాడనుకుంది.

ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. మళ్లీ శ్రావణమే వచ్చింది. పుట్టింటికి పోదామంటే తల్లి లేదు. ఈ బిడ్డకైనా వెచ్చదనం దొరుకుతుందా అన్నదే దేవమ్మ దిగులు. గొడ్లకొట్టంలో, మేత వేసే గాటి వెనక, ఎవరికీ కనబడకుండా పిడకలు దాచుకుంటోంది. ఒకరోజు ఆమె స్నానానికి నీళ్లు కాగుతుంటే మాసయ్య వచ్చి పొయ్యిలోంచి కట్టె లాగాడు.

దేవమ్మ ఇక ఆగలేకపోయింది. "పోయిన పిలగాని మీద లేని ప్రేమ, పావురం ఈ కట్టెల మీద ఉన్నదా మామా?"

మాసయ్య కట్టెను బూడిదలో పొర్లించాడు. ఎప్పుడూ చిటికెలో ఆర్పేవాడు ఆనాడు చాలాసేపు పొర్లిస్తూనే కూర్చున్నాడు. దేవమ్మ ముఖం తిప్పుకుంది.

వారం తిరక్కుండానే ముసురు పట్టింది. దాచిన పిడకల మీద కొట్టం కప్పు కారి, అవీ బురదయ్యాయి. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం దేవమ్మ ఆడపిల్లను కన్నది. మంత్రసాని జములమ్మ బిడ్డను పాతచీరలో చుట్టి, "కుంపటి తేండ్రి జల్ది, పిల్ల వణుకుతుంది" అంది. దేవమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ చూసే ధైర్యం ఆమెకు లేదు.

అటక మీద చప్పుడైంది. రామన్న పైనుంచి ఒక్కొక్క కుండ దింపుతున్నాడు. తేమ తగలకుండా మూతులకు బంకమట్టి మెత్తిన కుండలు, పదిహేడు. పగలగొడితే నిండా బొగ్గులు, గలగలమనేంత పొడిగా ఉన్నాయి.

పొగ లేకుండా కుంపటి ఎర్రగా అంటుకుంది. పురుటికి సాయమొచ్చిన పెంటమ్మ నోరు తెరిచి చూసింది.

"ఇందుల సగం బొగ్గులు నా పొయ్యివే" అంది.

"నీయే అమ్మా. నీ పొయ్యిల మంట ఎప్పుడు ఎక్కువనే" అన్నాడు మాసయ్య తలుపు అవతలి నుంచి. పురిటి గదిలోకి ఆయన రాకూడదు. "తొలికాన్పు నాడు ఊరంత తిరిగిన. ఒక్కింట్ల ఎండిన కట్టె దొరకలే. ఉత్త చేతులతోని మల్లొచ్చిన. కోడలికి మొకం సూపియ్యలేకపోయిన."

రెండేళ్లుగా దేవమ్మ మోసిన దుఃఖాన్నే ఆయనా మోశాడు. ఆయన మోత కండువా కొసన, అందరూ నవ్వేటట్టు. తను అన్న మాట గుర్తొచ్చి ఆమెకు ఏడుపొచ్చింది. బిడ్డ కూడా సెగ తగిలి గుక్కపట్టి ఏడుపందుకుంది.

"పిల్ల ఎందుకేడుస్తుంది బిడ్డా? సెగ సాలలేదా? ఇంకో కుండ పలగ్గొట్టాల్నా?" మాసయ్య గొంతులో కంగారు.

"సాలింది మామా. ఊకెనే ఏడుస్తుంది. మస్తు గట్టిగ ఏడుస్తుంది."



"ఏడ్వనీ తల్లీ" అన్నాడు మాసయ్య. "ఆ పిలగాడు మూడు దినాలల్ల ఒక్కపారి గట్టిగ ఏడ్వలే. దీన్ని కడుపునిండ ఏడ్వనీ. గా ఏడుపుల మాత్రం పొదుపొద్దు."