ఎండలో పడుగేసిన టేపు

అక్క గొంతులో గడ్డ ఉందని, స్వరపేటిక తీసేయాలని కర్నూలు డాక్టర్లు చెప్పారు. ప్రాణం దక్కుతుంది, మాట పోతుంది అన్నారు. మా నేతగాళ్ళ వీధిలో ఏ బిడ్డను ఉయ్యాల్లో వేసినా పాట మా అక్కదే. ఆపరేషన్ అయ్యేలోపల ఆ పాటలన్నీ టేపులో పట్టిపెట్టాలని పంతం పట్టాను.

ఫోన్లో పట్టుకోవచ్చు గదా అని వీధంతా సలహా ఇచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మా అమ్మ మాటలు ఫోన్లోనే దాచుకున్నాను. అది నీళ్ళ డ్రమ్ములో పడింది, అమ్మ రెండోసారి పోయింది. అప్పటినుంచి ఫోనంటే నాకు మంట. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు మైకుసెట్టు బాడుగకిస్తుంటాను. నా దగ్గర పాత స్పూలు టేప్‌రికార్డరు ఇంకా తిరుగుతోంది. కావలసిందల్లా మంచి టేపు. మా పక్క కొత్తది దొరకదు, దొరికేదంతా ఎవరో వాడి పారేసిందే.

కర్నూల్లో పాత సామాన్ల అంగళ్ళు తిరిగాను. ఒకచోట డబ్బా తెరవగానే పులిసిన వాసన కొట్టింది. ఆ వాసన వచ్చిందంటే టేపు లోపల్లోపలే చచ్చిపోతున్నట్టు. ఇంకోచోట వెనకవైపు నల్లగా ఉన్న టేపు ఇచ్చారు, వేలితో రుద్దితే జిగురు. అది మెషినుకు అంటుకుని కీచుమంటుంది తప్ప పాడదు. చివరికి వన్‌టౌన్‌లో ఒక చుట్ట దొరికింది. వాసన లేదు, జిగురు లేదు, అంచులు తిన్నగా ఉన్నాయి. పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను.

అక్క దాని కొసను పట్టుకుని, నూలు పరీక్ష చేసినట్టు రెండు చేతులా లాగబోయింది.

"లాగొద్దక్కా! ఇది నూలు గాదు."

"తెగుతాదేమిరా?"

"తెగితే అతికిస్తా. సాగిందంటేనే ఎవురూ ఏం చేయలేరు. ఇంగ తడి గూడా తగలగూడదు."

"సరేలేరా, నూలు సాకినదాన్ని, దీన్ని సాకలేనా?" అని నవ్వింది. ఆ మధ్యాహ్నమంతా దగ్గుకుంటూనే పాడింది.

ఆపరేషన్ అయింది. మెడకు గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చింది. ఆమె గొంతు ఆమె దగ్గరే ఉండనీ అని మెషిను, టేపు అక్కింట్లోనే పెట్టాను. నేను పోయినప్పుడల్లా వేయమని సైగ చేసేది. వింటూ పెదాలు కదిపేది.

ఆ ఎండాకాలం నేను ఒంటిమిట్ట తిరునాళ్ళకు మైకుసెట్టు తీసుకుపోయాను. ఎప్పుడూ రాని వాన అప్పుడే దంచింది. టేపు పెట్టిన బీరువా వెనక గోడ చెమ్మెక్కింది. తిరిగొచ్చేసరికి వాన వెలిసి ఎండ మండిపోతోంది, అక్క మిద్దె మీద ఉంది.

గంజి పెట్టిన పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, మావాళ్ళు వీధిలో బిగించి సాచి ఆరబెడతారు. అక్క టేపంతా విప్పి, మిద్దె ఈ కొస నుంచి ఆ కొసకు కట్టెలు నిలబెట్టి, అచ్చం అట్లాగే పడుగు సాచింది. ఒక్క చిక్కు లేదు, ఒక్క మెలిక లేదు. ఎక్కడా సడలకుండా బిగలాగి కట్టింది. నన్ను చూసి, బాగా ఆరిందని చేత్తో చూపించింది. ఆమె మొహంలో ఎంత సంతోషమో.

కోపం నషాళానికంటింది. అరవబోయాను. తిరిగి అరవలేని మనిషి మీద ఎట్లా అరిచేది?

ఆమే జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చింది. వేశాను. అక్క గొంతు సాగింది, వంకర్లు పోయింది, మునిగి తేలింది, ఏ పాటో కూడా తెలియలేదు. అక్క మొదట నవ్వింది. తర్వాత మెషిను నెత్తిన రెండు దెబ్బలు వేసి, బాగుచేయమని నా వైపు చూసింది. వీధిలో అందరి మెషిన్లూ బాగుచేసేది నేనే గదా.

మెషిను బాగానే ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు కూడా, నేను పోతే చాలు, దాని మీద దుమ్ము తుడిచి, కుర్చీ జరిపి, స్క్రూడ్రైవరు తెచ్చి చేతికిస్తుంది. నేను మూత విప్పుతాను, కాసేపు ఏదో కెలుకుతాను, మళ్ళీ బిగిస్తాను. అక్క ఎదురుగా కూర్చుని వినడానికి కాచుకొని ఉంటుంది.