ఆ ముగింపు ఒప్పుకోని అత్త

మంగళవారం పొద్దున్నే ఎదురింటి కోడలు తలుపు తట్టి చెప్పింది, మా పక్కింటి అత్త పోయిందని. మా ఒర్లియంపేట వీధిలో ఆమెతో విసిగిపోనివాళ్లు లేరు. అందరికంటే ఎక్కువ విసిగింది నేనే.

పెళ్లయిన కొత్తలోనే భర్త ఆమెను వదిలేసి, కోసపాళయంలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. "వాని మీద పగ తీర్చుకోకుండా చావను" అనేది అత్త. ఎలా తీర్చుకుంటుందో మాత్రం చెప్పేది కాదు.

సినిమాలంటే ప్రాణం. ఒకసారి వైట్ టౌన్‌లో పాత హాలీవుడ్ మూకీ వేస్తుంటే తీసుకెళ్లాను. తెరమీది ఇంగ్లీషు మాటలు ఆమె చెవిలో తెలుగులో చెప్పడం నా పని. మోసపోయిన పేదపిల్ల పెద్ద గాయనిగా తిరిగొచ్చి, తనను వీధిలోకి నెట్టినవాణ్ణి దివాలా తీయిస్తుంది. అత్త మురిసిపోయింది. చివర్లో వాడు కాళ్ల మీద పడగానే ఆ పిల్ల ఏడ్చి, వాణ్ణి కావలించుకుంది.

"ఏంది, ఇంత చేసి కడాకు వానితోనేనా? నువ్వు సరిగ్గా చదవలేదు!"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ కథ నేనే రాసినట్టు, ఇల్లు చేరేదాకా నన్ను తిట్టింది.

మరుసటేడు భర్తకు జబ్బు ముదిరింది. కోసపాళయం ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నిన్నొకసారి చూడాలంటాండాడు. మన్నించమని అడగాలంట."

"వెళ్లత్తా, పోయేవాడితో పంతమా?" అని నేను బతిమాలాను.

"సుమ్మా ఉండవే! అడిగేసి వాడు తేలిగ్గా పోతాడు. దానికి నేను సాయం పట్టాల్నా?" అని నన్ను కసిరి, ఆమె వైపు తిరిగింది. "నువ్వు లోపలికి రా. మొగం పీక్కుపోయుండాది. ఏమన్నా తిన్నావా?"

నాకు ఒళ్లు మండింది. ఎంత చెప్పినా వెళ్లలేదు. మీరు నమ్మరు, ఆయన పోయాక దిక్కులేని ఆ మనిషిని తనింటికే తెచ్చుకుంది. ఇదేం పగ అని అడిగితే, "పగ వాని మీద. దీని మీద యాడిది?" అంది.

అప్పటినుంచి హాల్లో నాకు అటొకరు, ఇటొకరు. ఇద్దరికీ కథ చెప్పాలి, ఇద్దరూ తెరతో తగువు పడేవాళ్లు. ఇప్పటికీ ఏ సినిమా ముగింపునూ నేను చటుక్కున నమ్మను. ఆ బుద్ధి అత్త పెట్టిందే.

అత్త పాడె లేపేటప్పుడు కోసపాళయం ఆమె కూడా బయలుదేరితే ఎవరో పెద్దాయన అడ్డుపడ్డాడు. "ఆడోళ్లు రాకూడదు. అసలు నువ్వు ఏమవుతావమ్మా?"

"సవితిని" అందామె.

ఆయన పక్కకు తప్పుకున్నాడు. మండే రోడ్డు మీద ఒట్టికాళ్లతో, పాడె మీంచి రాలిన బంతిపూలు ఏరి మళ్లీ పైన పెడుతూ, మలుపు తిరిగేదాకా ఆమె నడుస్తూనే ఉంది.