బోణీ చాయ్

నా చిన్నప్పుడు సూర్యాపేటలో బస్సులు ఆగే మూల మీద మా తాతకు హోటల్ ఉండేది. హోటల్ అంటే ఏముంది, రెండు బల్లలు, ఒక మట్టి పొయ్యి, పైన రేకుల కప్పు! అయినా చుట్టుపక్కల ఇంకో హోటల్ లేదు కాబట్టి మేమే రాజులం.

ఒక వానాకాలం కోదాడ వైపు నుంచి ఓ జంట వచ్చి, సరిగ్గా మా ఎదురుగా హోటల్ పెట్టారు. ఆమె మెడలో గొలుసు అమ్మి పెట్టారట. నాకైతే ఒళ్లు మండిపోయింది. తీరా మొదలుపెట్టే రోజు తెల్లవారుజామున పెద్ద వాన. కట్టెలన్నీ తడిసి వాళ్ల పొయ్యి అంటుకోలేదు. అవతల మొదటి బస్సు వచ్చే వేళవుతోంది. ఆమె మట్టి మూకుడు పట్టుకుని మా నాయనమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మగారూ, కాసిని నిప్పులు ఇవ్వండి. మొదటిరోజే పొయ్యి వెలగకపోతే ఎలాగండీ?"

మా తాత నాయనమ్మ చెవిలో గొణిగాడు. "ఇంక బోణీ గూడ కాలే. ఇప్పుడు నిప్పులిస్తే మన లక్ష్మి పోయినట్టే గదనే."

బోణీ కాకముందు పొయ్యిలో నిప్పు బయటికి ఇవ్వకూడదని మా పట్టింపు. హమ్మయ్య, ఇవ్వరులే అని నేను సంబరపడ్డాను.

నాయనమ్మ మాత్రం ఆమెను బల్ల మీద కూర్చోబెట్టింది. "ముందుగాల చాయ్ తాగు బిడ్డా." ఆమె గబగబా తాగి, కొంగుముడి విప్పి చాయ్ పైసలిచ్చింది. నాయనమ్మ వాటిని కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసింది.

"అయింది బోణీ! ఇగ నిప్పులు తీస్కపో. జర పైలం, చెయ్యి కాలుతది."

తాత పకపకా నవ్వాడు. "నీతోటి ఎవ్వడు గెలుస్తడే!"

బేరం కొంత అటు వెళ్లిన మాట నిజమే. కానీ మేమేమీ పస్తులుండలేదు.

కొన్నేళ్లకు నాయనమ్మ పోయింది. కర్మకాండలు అయిపోయినా తాతకు పొయ్యి వెలిగించడానికి చేతులు రాలేదు. హోటల్ ఇక మూసేస్తాడనే అనుకున్నాం. ఒకరోజు పొద్దున ఎదురు హోటల్ ఆమె మూకుడు నిండా నిప్పులు తెచ్చి మా పొయ్యిలో పోసింది. వెళ్లి అదే బల్ల మీద కూర్చుంది.

"పెదనాన్నగారూ, చాయ్ పెట్టండి. ఇవాళ కూడా బోణీ నాదే."

తాత పసిపిల్లాడిలా ఏడుస్తూనే నీళ్లు పొయ్యి మీద పెట్టాడు.

ఇప్పుడు నిప్పులెవరు అడుగుతారు? అయినా పొద్దున్నే ఎవరైనా ఏదో అవసరం పడి మా గడప ఎక్కితే, సంగతేమిటని నేను వెంటనే అడగను. ముందు కూర్చోబెట్టి చాయ్ ఇస్తాను. తాగేలోపు, వాళ్లకు కావలసింది ఎలా ఇవ్వాలో ఏదో ఒక దారి తోచకపోదు.