పక్క సీట్లో వర్ధనమ్మ పిన్నిగారు

మొన్న ఆదివారం మా ఎదురింటాయన ఎక్కడి నుంచో ఒక పాత కారు కొనుక్కొచ్చి వాకిట్లో పెట్టాడు. ఎనభైల నాటిది, గోధుమ రంగుది, పట్టెమంచమంత పొడుగుంది. ముచ్చటపడి చూపిస్తానంటే వెళ్ళాను. తలుపు తీయగానే ఎండకి కాగిన రెక్సిన్ వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. టెక్సాస్ జూలైలో గంటసేపు ఎండలో నిలబడ్డ ఆనాటి కారుకి మాత్రమే వచ్చే వాసన అది. ఆయన ఇంజన్ గురించి ఏదేదో చెబుతూనే ఉన్నాడు గానీ నా చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని పక్క సీట్లో కూర్చున్న వర్ధనమ్మ పిన్నిగారే కళ్ళ ముందు నిలబడ్డారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. కానీ నేను ఇవాళ్టికీ స్టీరింగ్ పట్టుకుంటున్నానంటే ఆవిడ చలవే.

మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో ఆవిడ మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. యాభై దాటిన మనిషి, తెనాలి వైపు వాళ్ళు. భర్త పోయాక ఒక్కరే ఉంటూ ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేసుకునేవారు. ఒక కంటి చూపు బొత్తిగా ఆనదు కాబట్టి లైసెన్సు లేదు. ఆ ఊళ్ళో కారు తోలడం రాని మనిషికి కాళ్ళు లేనట్టే లెక్క. నా ఆఫీస్ ఊరికి ఆ చివర లాస్ కొలీనాస్‌లో, ఆవిడ ఆస్పత్రి దారిలోనే. అందుకని రోజూ పొద్దున నా కార్‌లోనే వచ్చేవారు. మొదటి వారంలోనే గ్లవ్ బాక్సులో పడి ఉన్న కారు పుస్తకం తీసి, వారపత్రికలో సీరియల్ చదివినంత శ్రద్ధగా చదివేశారు. మేం ఆ కారు కొని ఏడాదైనా దాని అట్ట కూడా తిప్పలేదు. "ఇంత పుస్తకం రాసి ఇచ్చాడు పాపం, చదవకపోతే ఎలా?" అన్నారు. ఆవిడకి ప్రతిదీ తెలుసుకోవాలి. వైపర్లకి రెండు వేగాలెందుకు, పెట్రోలు పోసేటప్పుడు గాలి అలా మెలికలు తిరుగుతుందేమిటి అని అడిగేవారు. నాకు తెలియదంటే బంకు వాడినే అడిగేవారు. వాడికీ తెలియకపోతే భలే సంతోషించేవారు.

ఆ కారు మేం కొన్న తీరు కూడా చెప్పాలి. అమ్మినాయన ప్రభాకరంగారని, మా ఆయనకి ఊరి వరసలో పెద్దాయన. హ్యూస్టన్‌కి ఉద్యోగం మారి వెళుతూ, బయటివాళ్ళకెందుకు, మనవాళ్ళకే ఇస్తానన్నారు. వాళ్ళింటికి వెళ్ళాం, మినపసున్ని తిన్నాం, కాఫీ తాగాం, తాళాలు పుచ్చుకున్నాం. బానెట్ ఎత్తి చూడలేదు. నడిపి చూస్తానని అడగలేదు. పెద్దాయన్ని అనుమానించినట్టు ఉంటుందని మా ఆయన మొహమాటం. ఈ కథ విని పిన్నిగారు కడుపు పట్టుకుని నవ్వారు. "బెండకాయలు కొనేటప్పుడు ఒక్కోదానికీ తోక విరిచి చూస్తావు గదమ్మాయ్, కారు దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని మర్యాదా?"

ఆ కారు ఆగిపోయేది. దగ్గడం, మొరాయించడం లాంటివేమీ ఉండవు. పోతూ పోతూ ఉండగా ఇంజన్ చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, బ్రేకు తొక్కితే దిగదు. ఎలాగో రోడ్డు పక్కకి లాగి, ఏ కొట్లోంచో మా ఆయనకి ఫోన్ చేస్తే, ఆయన వచ్చేసరికి బుద్ధిమంతురాలిలా మొదటి తిప్పుకే స్టార్ట్ అవుతుంది. వర్క్‌షాప్‌కి రెండుసార్లు తీసుకెళ్ళాం. రెండుసార్లూ అక్కడ ఇంజన్ గుర్రుమంటూ చక్కగా తిరిగింది. రెండోసారి మెకానిక్ నన్నొకసారి, మా ఆయన్నొకసారి చూసి, కారులో లోపం లేదు, ఆవిడ ఎన్నాళ్ళనుంచి డ్రైవ్ చేస్తున్నారని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన అతనికి థాంక్స్ చెప్పి, బిల్లు కట్టాడు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ వేసవిలోనే ఒక సాయంత్రం పిన్నిగారూ నేనూ ఆఫీసుల నుంచి వస్తూ పోస్టాఫీసు దగ్గర ఆగి, మళ్ళీ బయల్దేరాం. పెద్ద కూడలిలో ఎడమకి తిరుగుతుండగా, సరిగ్గా నడిమధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఎదురుగా వస్తున్న కారు కీచుమంటూ వచ్చి మా వెనక తలుపుని గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, దేవుడి దయ. కానీ నేను దిగి, కనపడ్డవాళ్ళందరికీ, పోలీసుకి కూడా, సారీ, సారీ, తప్పు నాదేనని చెప్పాను. మనకి అది అలవాటు కదా, ఎదుటివాడు నొచ్చుకున్నాడంటే ముందు తప్పు మన నెత్తిన వేసుకుంటాం. పోలీసు దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. పది రోజుల్లో ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం వచ్చింది, తప్పు నాదేనని.

మా ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడంతే. కొన్నాళ్ళు నువ్వు డ్రైవ్ చేయొద్దు, నేనే దింపుతానని తాళాలు తన జేబులో వేసుకున్నాడు. ఆయన ఆఫీస్ ఇంకో దిక్కు, ఆయన వేళలు వేరు. ఇద్దర్నీ దింపి వెళ్ళడంతో రోజూ ఆయనకి ఆలస్యం, సాయంత్రం నాకు పడిగాపులు. ఇలా అయితే నెలాఖరుకి నేను ఉద్యోగం మానేయడం ఖాయం. ఉద్యోగం మానేస్తే ఆ అపార్ట్‌మెంట్ నాలుగు గోడలే నాకు లోకం. అంతకంటే ఘోరం ఏమిటంటే, లోపం నాలోనే ఉందని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

పిన్నిగారు నన్ను ఓదార్చలేదు. ఒక శనివారం పొద్దున మా ఇంటికొచ్చి, కాగితం ముందేసుకుని ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎన్నిసార్లు ఆగింది? ఆగినప్పుడు రేడియో పాడుతూనే ఉందా? వానా, ఎండా? అంతకు ముందు ఎక్కడున్నావు? విసుగొచ్చి, కారు ఆగింది, అంతే పిన్నిగారూ, ఇంకేం కావాలన్నాను. ల్యాబులో రక్తం ఎప్పుడు తీశారో రాయకపోతే ఆ సీసాని పారబోయాల్సిందేనని ఆవిడ జవాబు. గుర్తు చేసుకుని గుర్తు చేసుకుని అన్నీ చెప్పాను. రాసుకున్నదంతా చూసి, ఆవిడ పెన్ను కింద పెట్టారు. పొద్దున ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిన ఏడుసార్లూ మధ్యాహ్నమో సాయంత్రమో, అదీ కాసేపు నడిపి, ఏ కొట్టు దగ్గరో పది నిమిషాలు ఆపి, మళ్ళీ బయల్దేరిన తర్వాత. వేడి ఇంజన్‌ని ఆపితే లోపలి వేడి ఎటూ పోలేక అక్కడే ఉడుకుతుందని, ఆ ఉడుకు పడనిది ఏదో అందులో ఉందని ఆవిడ అన్నారు. మెకానిక్ చేతికి వెళ్ళేసరికి అది చల్లారిపోతుంది, ఇంకేం దొరుకుతుంది?

ఆ మధ్యాహ్నమే పరీక్ష పెట్టారు. మా ఆయన్నే డ్రైవ్ చేయమన్నారు. నేను ముందు, ఆవిడ చేతిగడియారం చూసుకుంటూ వెనక. అరగంట తిప్పించి, కిరాణా కొట్టు ముందు మండుటెండలో పది నిమిషాలు ఆపించి, మళ్ళీ పదమన్నారు. రెండు వీధులు దాటామో లేదో, ఠక్కున ఆగింది. మా ఆయన తాళం తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు. మెడ మీద చెమటలు కారుతున్నాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాసేపటికి ఆయన నా వైపు తిరక్కుండానే తాళాలు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

తర్వాత పిన్నిగారు ప్రభాకరంగారికి ఫోన్ చేశారు. నిలదీస్తారనుకున్నాను. ఆవిడ మాత్రం, మీ దగ్గరున్నప్పుడు కూడా ఎండల్లో ఆగేదా అండీ, ఊరికే తెలుసుకుందామని అన్నారు. ఆయన చాలాసేపు నసిగి, చివరికి అసలు సంగతి చెప్పారు. కారు మాకు అమ్మిన రెండు నెలలకి కంపెనీ నుంచి ఆయనకే రీకాల్ ఉత్తరం వచ్చిందట. వేడెక్కితే పనిచేయని భాగం ఒకటుంది, తీసుకొస్తే ఊరికే మార్చి ఇస్తామని. "అమ్మేసిన కారుకి వంక ఉందని నా నోటితో నేనే ఎలా చెప్పనమ్మా? బాగుండదని ఊరుకున్నాను" అన్నారు. మేం అడగడానికి మొహమాటపడ్డాం, ఆయన చెప్పడానికి మొహమాటపడ్డారు, మధ్యలో నా ప్రాణాల మీదికొచ్చింది. నేను ఫోన్ లాక్కుని నాలుగు దులుపుదామనుకున్నాను. పిన్నిగారు చెయ్యి అడ్డం పెట్టి, ఆ ఉత్తరం పోస్టులో పంపమని మర్యాదగా అడిగారు. అది రాగానే తీసుకెళ్ళి ఆ భాగం మార్పించాం. కారు మళ్ళీ ఆగితే ఒట్టు.

ఇక మిగిలింది ఇన్సూరెన్స్. తప్పు కారుదని రాసి, రీకాల్ ఉత్తరం జతచేసి పంపుదామని ఉత్సాహంగా కూర్చున్నాను. పిన్నిగారు నేను రాసింది చదివి, కాగితం వెనక్కి జరిపారు.

"ఇందులో ఒకటి లేదు. నువ్వు మలుపు తీసుకునేటప్పటికే సిగ్నల్‌లో పసుపు దీపం పడింది. ఆ కారు వస్తోంది. నువ్వు తొందరపడ్డావు."

నా చెవులు నేను నమ్మలేకపోయాను. "మీరు ఎవరి పక్షం పిన్నిగారూ?"

"పక్షం కట్టడానికి కాదమ్మాయ్ ఇన్నాళ్ళూ కూర్చుంది. ఏం జరిగిందో తెలుసుకోవడానికి. ఇంజన్ ఆగింది, అదీ జరిగింది. నువ్వు తొందరపడ్డావు, ఇదీ జరిగింది."

ఆవిడ వెళ్ళిపోయాక బాగా ఏడ్చాను. ఎందుకంటే అది నిజం. ఆ పసుపు దీపం నాకు మొదటి రోజు నుంచీ కళ్ళల్లో మెదులుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకైతే అసలే చెప్పలేదు. పిన్నిగారు పక్కనే ఉండి చూశారు, అయినా ఇన్ని వారాలూ ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. రెండు రోజులు ఆ కాగితం బల్ల మీదే ఉంచి, మూడో రోజు ఆ వాక్యం రాశాను. మా ఆయనకి చదివి వినిపించి, నా చేత్తో నేనే పోస్టు చేశాను. నిజం చెప్పినందుకు ఏదో మంచి జరుగుతుందని లోపల చిన్న ఆశ. ఏమీ జరగలేదు. ఇంజన్ సంగతి నిజమే కావచ్చు గానీ, పసుపు దీపంలో ఎదురు కారుకి దారివ్వకుండా తిరిగింది మీరే కాబట్టి తప్పు మీదేనని మళ్ళీ ఉత్తరం వచ్చింది.

నాకు ధైర్యం పూర్తిగా చచ్చిపోయింది. కారు బాగుపడింది, మా ఆయన తాళాలు ఇచ్చేశాడు, తీరా చూస్తే తోలలేనిది నేనే. సోమవారం పొద్దున కిందికి దిగి, కారు దగ్గర నిలబడ్డాను గానీ తలుపు తీయలేకపోయాను. రోజూలాగే పిన్నిగారు చేతిసంచీతో వచ్చి అవతలి వైపు నిలబడ్డారు. వేరే ఎవరితోనైనా వెళ్ళండి, మీకేమైనా అయితే నేను బతకలేను అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించారు. ఓదార్చడానికి కాదు, నిజంగానే లెక్క తేల్చుకుంటున్నట్టు. "ఈ ఊళ్ళో ఎవరు ఎక్కడ పొరపాటు చేస్తారో నాకు తెలియదు. నువ్వెక్కడ చేస్తావో తెలుసు. నీకూ తెలుసు. నీ కారే నయం" అని, ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఆఫీసుకి టైమవుతోందని కూడా గుర్తు చేశారు. నేనూ ఎక్కి స్టార్ట్ చేశాను.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆవిడ నా పక్కనే కూర్చుని ప్రయాణం చేశారు. ఆఫీసులో నావల్ల ఏదైనా పొరపాటు జరిగితే, ఎవరో పట్టుకునేదాకా ఆగకుండా నేనే వెళ్ళి చెప్పేసే అలవాటు నాకు అప్పుడే అబ్బింది. చెప్పినంత మాత్రాన మనిషి చిన్నదైపోదని ఆవిడ వల్లే తెలిసింది.

చాలాకాలం తర్వాత మా అమ్మాయి లైసెన్సు వచ్చిన కొత్తలో ఎవరి కారుకో గుద్ది, ఇంటికొచ్చి ఏడుస్తూ గుమ్మంలో నిలబడింది. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పించుకున్నాను. మర్నాడు తాళాలు దాని చేతికే ఇచ్చి, పక్క సీట్లో కూర్చున్నాను. అది వీధి మలుపు తిరుగుతుంటే నా కాలు నా వైపు లేని బ్రేకు కోసం వెతుక్కుంది. ముఖం మాత్రం మామూలుగా పెట్టుకున్నాను. ఆ సోమవారం పిన్నిగారికి కూడా భయం వేసే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.