కవిగారి చేతిలో పెరుగు డబ్బా

కెనడాలోని మార్కమ్‌లో మా పక్కింటి ఆంటీ ఎవరినీ వట్టి చేతులతో పంపేవారు కాదు. ఖాళీ అయిన పెరుగు డబ్బాలో పులిహోర కూరి, "దారిలో తినమ్మా" అనేవారు. పక్కింటికి దారేమిటో!

ఆంటీ, నేనూ బొమ్మలు వేయడం నేర్పే క్లాసులో చేరాం. జపాన్ టీచర్ ఒక పాత బొమ్మ ఇచ్చి, చూసి వేయమన్నారు. అందులో ఒక హైకూ కవి, ఆయన శిష్యుడు కాలినడకన యాత్రకు బయల్దేరుతున్నారు. ఆనాటి చిత్రకారుడు నాలుగు గీతల్లో ఇద్దరినీ దించేసి, మిగతా కాగితమంతా వదిలేశాడు. ఆంటీ మాత్రం కవి చేతికి పెరుగు డబ్బా ఇచ్చారు, మూతతో సహా.

అనవసరపు గీత ఒక్కటి పడినా ఊరుకోని టీచర్ అదేమిటని అడిగారు.

"పులిహోర, మేడమ్. లాంగ్ ట్రిప్!"

టీచర్ చాలాసేపు చూసి, వెనకున్న శిష్యుడి మీద వేలు పెట్టారు. "మరి ఇతనికి?"

ఆంటీ "అయ్యయ్యో" అని నాలిక కరుచుకుని, గబగబా కుంచె అందుకున్నారు.